అడ్డాకులబంద తరఫున మింగిన మాత్రలు

అడ్డాకులబందలోని నూట ముప్పై ఏడుగురు మింగవలసిన మలేరియా నివారణ మాత్రలను ఇకమీదట వాళ్ళందరి తరఫున జిల్లా కేంద్రంలో ఒకే అధికారి మింగుతాడన్న శుభవార్త, వానలు మొదలవడానికి కొద్ది రోజుల ముందు ఒక సోమవారం పొద్దున ఊరికి చేరింది. తారురోడ్డు నుంచి నాలుగు గంటలు కొండెక్కి వచ్చిన ఆశా కార్యకర్త ఈశ్వరమ్మ ముందు మంచినీళ్ళు తాగి, తర్వాత ఉత్తర్వు చదివింది. జీపు రాని ఊళ్ళకు మాత్రలు మోయడం కష్టమని, మోసినా పిల్లలు ఉమ్మేస్తారని, అందుకే శాఖ ఈ సులభ పద్ధతి ప్రవేశపెట్టిందని అందులో ఉంది. అధికారి పేరు పొట్నూరు సన్యాసిరావు. హోదా సామూహిక సేవన ప్రతినిధి.

ఊళ్ళో అందరికన్నా ఎక్కువ సంతోషించింది సోంబారి. ఆమెకు వంతల దొన్నుతో పెళ్ళయి నలభై రోజులైంది. దొన్ను గంజి తాగేటప్పుడు సన్నగా ఈల వస్తుందని, పనసపిక్కలు కాల్చి వలిచి మొదటిది తనకే ఇస్తాడని, నిద్రలో కూడా మేకల్ని అదిలిస్తాడని ఆమె ఈ నలభై రోజుల్లో కనిపెట్టింది. ఇంకా కనిపెట్టవలసినవి చాలా ఉన్నాయని ఆమె నమ్మకం. కిందటి వానాకాలంలో చలిజ్వరం దొన్ను అన్నని తీసుకుపోయింది. రోజు విడిచి రోజు వచ్చి, ఏడో విడతలో అతన్ని వదల్లేదు. అందుకే ఈ వానాకాలానికి మాత్రలు వస్తున్నాయని వినగానే, ఎవరు మింగితేనేం అనుకుంది.

తర్వాతి సోమవారం సరిగ్గా పదకొండు గంటలకు ఊళ్ళో ప్రతి నోరూ చేదెక్కింది.

"ఏటే, పిక్క మాడిపోయిందేటి? చేదుగున్నాది," అన్నాడు దొన్ను.

"పిక్క కాదు మావా. ఆఫీసులో సారు మింగినట్టున్నాడు."

చంటిపిల్లలు పాలు వదిలేసి మొహం చిట్లించారు. పోడు చేలో ఉన్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఉమ్మి, మళ్ళీ పనిలో పడ్డారు. ఈశ్వరమ్మ ఇల్లిల్లూ తిరిగి, రిజిస్టర్లో 'చేదు అందినది' అన్న గడిలో వేలిముద్రలు వేయించుకుంది. చేదు అందితే మందు అందినట్టేనని శాఖ నిపుణుల కమిటీ అంతకుముందే తేల్చింది. కింద సన్యాసిరావు మజ్జిగ గుక్కలతో మధ్యాహ్నం ఒంటి గంటకల్లా ఊరి వాటా మొత్తం పూర్తి చేశాడు. ఆయన ఆరోగ్యం దివ్యంగా ఉంది. ఆయన్ని కుట్టిన దోమలు రెండడుగులు కూడా ఎగరలేకపోతున్నాయని గమనించిన సిబ్బంది తమ కుర్చీలు ఆయన చుట్టూ వేసుకున్నారు.

వానలు దిగిన మూడు వారాల్లో ఊళ్ళో పదకొండు మందికి చలిజ్వరం వచ్చింది. పన్నెండోవాడు దొన్ను. రెండో విడత తగ్గాక సోంబారి అతన్ని డోలీలో కిందికి మోయించింది. ఆసుపత్రిలో రక్తం చూసి మలేరియా అన్నారు. తర్వాత డాక్టరు ఊరి పేరు రిజిస్టర్లో వెతికి, తలూపాడు.

"మీ ఊరు రక్షణలో ఉంది. కాబట్టి ఇది మీ జ్వరం కాదమ్మా."

"మరెవులది బాబూ?"

"జిల్లా ఆఫీసులో ఎవరిదో. మీ మాత్రలు వాళ్ళు మింగినట్టే, వాళ్ళ జ్వరం మీరు పడుతున్నారు. అక్కడివాళ్ళకి మార్చి దాకా సెలవులు లేవు కదా."

"మందైనా ఇవ్వండి."

"జ్వరం ఎవరిదో వాళ్ళకే ఇవ్వాలి. ఈపాటికి ఇచ్చే ఉంటారు."

దొన్ను చేతిలో 'తరఫు జ్వరం' అని రాసిన ధ్రువపత్రం పెట్టారు. డోలీలో వెనక్కి వస్తూ అతను దాన్ని మడిచి జేబులో దాచుకున్నాడు. "ఎవులో పెద్ద సారుది అయ్యుంటాది సోంబారీ. దర్జాగా సరిగ్గా నాలుగింటికే వస్తన్నాది," అన్నాడు. ఆమె నవ్వలేదు. అతను ఏం చెప్పినా ఆమె నవ్వకపోవడం పెళ్ళయ్యాక అదే మొదలు.

ఆదివారం మూడో విడత వచ్చింది. సోమవారం పదకొండు గంటలకు మళ్ళీ చేదు వచ్చింది. ఈశ్వరమ్మ రిజిస్టరు చాపితే సోంబారి చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"చేదు అందలేదేటమ్మా?"

"అందింది. మందు అందలేదు. అలగ రాయి, వేలేస్తాను."

"ఆ గడి ఇందులో లేదే."

"ఐతే వేలు కూడా లేదు."

ఈశ్వరమ్మకు కోపం రాలేదు. పదేళ్ళుగా ఆ కొండెక్కుతున్న మనిషి ఆమె. రిజిస్టరు మూసి, చీరకొంగుతో దాని మీది వాన చినుకులు తుడిచి, "నాను మటుకు ఏటి సెయ్యను పిల్లా. గడులు నాను గీయలేదు," అంది.

ఆ సాయంత్రం సోంబారి ఊరి పెద్ద బాలంనాయుడి వాకిట్లో ఫిర్యాదు పెట్టింది. అడ్డాకులబందలో ఏ కొత్త పంటనైనా ఎవరూ ఒంటరిగా ముందు తినరు. మామిడి కానీ, సామలు కానీ, చిక్కుడు కానీ, పెద్ద వాకిట్లో అందరూ చేరి, అందరి చేతుల్లో పడ్డాకే నోట్లో పెట్టుకుంటారు. దాన్ని 'కొత్త' అంటారు. కొత్త కాకుండా తిన్నవాడికి తప్పు పడుతుంది. తప్పు తీరాలంటే వాడు ఊళ్ళో ప్రతి మనిషికీ తన చేత్తో వడ్డించాలి. అందరూ తిన్నాకే తాను తినాలి.

"మాత్ర ఈ ఊరికి కొత్తే కదా తాతా," అంది సోంబారి. "మనలో ఎవులమూ నోట్లో ఎట్టుకోలేదు. ఆ సారు ఒక్కడే కూసుని నూట ముప్పై ఏడు వాటాలు తినీసినాడు."

బాలంనాయుడు చుట్ట ఆర్పి ఆలోచించాడు. "మామిడిపిందె నాకి చూసినాడని సొంత తమ్ముడికి తప్పు ఏసినోణ్ణి. సారుకి ఎయ్యకపోతే తమ్ముడు ఊరుకుంటాడా?"

"ఊరుకోను," అన్నాడు తమ్ముడు.

తీర్పు కాగితం మీద రాసి, ఈశ్వరమ్మ చేత కిందికి పంపారు. శాఖ దాన్ని ఎంతో మర్యాదగా స్వీకరించింది. శుక్రవారం సంతకమైన జవాబు ఆదివారం మధ్యాహ్నానికి ఊరికి వచ్చింది. అప్పటికి దొన్నుకి ఆరు విడతలయ్యాయి. కళ్ళు పచ్చబడ్డాయి, గంజి తాగితే ఈల రావడం లేదు. ఏడోది సోమవారం సాయంత్రం నాలుగింటికి రావాలి. ఊళ్ళో ఆ సంగతి అందరికీ తెలుసు కనుక ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

జవాబు సోంబారే చదివింది. ఆశ్రమ పాఠశాలలో ఇంటర్ దాకా చదివిన పిల్ల. 'స్థానిక ఆచారాలను శాఖ గౌరవిస్తుంది. శ్రీ సన్యాసిరావు తమ తప్పును అంగీకరించారు. అయితే పని ఒత్తిడి వల్ల కొండ ఎక్కలేరు. కావున గ్రామస్తులు తమలో ఒకరిని వారి తరఫున సన్యాసిరావుగా నియమించుకుని, తప్పు తీర్పించుకోగలరు. అట్లు నియమితులైన వ్యక్తి అన్ని విధాలా సన్యాసిరావే అని ఇందుమూలముగా తెలియజేయడమైనది.'

ఆమె చివరి వాక్యం దగ్గరకు వెనక్కి వెళ్ళి, దాన్ని మాత్రం మళ్ళీ చదివింది.

"తాతా, నన్ను ఎయ్యి," అంది.

"ఎలగే? ఆడపిల్లని సన్యాసిరావని ఎలగ పిలుస్తాం?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"సారూ అని పిలు ముసిలమ్మా, సరిపోద్ది. మాత్ర ముట్టకుండా మాత్ర మింగినోళ్ళం మనం. ఇదేటి కష్టం?"

ముసలమ్మకు అది సబబుగానే తోచింది. బాలంనాయుడు అందరినీ అడిగి, చేతులెత్తించి, ఆమెను నియమించాడు. ఈశ్వరమ్మ రిజిస్టర్లో ఎక్కించి, కింద గీత గీసింది. ఆ క్షణం నుంచి మార్పులు వాటంతటవే జరిగాయి. సోంబారి నడిచి వస్తుంటే అరుగు మీద వాళ్ళు లేచి నిలబడ్డారు. ఇద్దరు ముగ్గురు పింఛను సంగతి మాట్లాడాలని వెంటపడ్డారు. పదేళ్ళుగా ఊళ్ళో అందరినీ నువ్వు అనే ఈశ్వరమ్మ ఆమెను మీరు అంది. సోంబారికి అది కొంచెం బాధగానూ, కొంచెం బాగానూ ఉంది. ఇన్నాళ్ళూ ఆమె అడిగినా రానిది ఏదో, పేరు మారగానే వచ్చి పక్కన నిలబడినట్టుంది.

ఇంటికి వెళితే దొన్ను మంచం మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.

"సారూ, కూసోండి."

"ఎకసెక్కాలు ఆడకు మావా."

"నిజంగానే సారూ. నాను మీ దగ్గర ఒక అర్జీ ఎట్టుకోవాల."

"ఏటి?"

"ఏడోది నాకొద్దు."

ఆమె అతని నుదుటి మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచింది. చల్లగా ఉంది. ఆ చల్లదనం రేపు నాలుగింటి దాకానే. "అర్జీ తీసుకున్నాం," అంది.

పొద్దు వాలక ముందే ఊరంతా మళ్ళీ వాకిట్లో చేరింది. సోంబారి లెక్క తేలికగా చెప్పింది. రేపు సోమవారం, సన్యాసిరావు మాత్రలు తీసుకునే రోజు. పదిన్నరకి స్టోరు గది తెరుస్తారు. సన్యాసిరావు వెళ్ళి, సన్యాసిరావు సంతకం పెట్టి, ఊరి వాటా మాత్రలు, పన్నెండు జ్వరాలకు మందు తీసుకోవాలి. తప్పు తీరాలి కాబట్టి అక్కడే, ఆఫీసు వరండాలోనే, ప్రతి మనిషి చేతిలో తన చేత్తో పెట్టాలి. తాను చివర మింగాలి.

"ఆ కుర్చీలో ఆయన కూసుని ఉంటేనో?" అన్నాడు బాలంనాయుడి తమ్ముడు.

"ఉండనీ. నా తరఫున కూసున్నాడనుకుంటాను."

ఎవరూ నవ్వలేదు, సందేహించలేదు కూడా. మగవాళ్ళు డోలీ కర్రలు, తాళ్ళు చూసుకోవడానికి లేచారు. ఊళ్ళో కబుర్లు చాటే బారికి డప్పు పట్టుకుని వీధి మొదట్లో నిలబడి చాటింపు మొదలుపెట్టాడు: "రేపు కోడి కూసే యేళకి సన్యాసిరావు సారు ఆఫీసుకి ఎల్తన్నారు. నడిసినోళ్ళు నడవండి, నడవలేనోళ్ళని మోస్తాం. దొన్ను డోలీ ముందు. అందరూ గంజి తాగి రండి, మాత్ర పరగడుపున ఏసుకోకూడదంట."