పాలు పొంగని నగరం

ఆ నగరంలో పాలు పొంగవు. గిన్నె అంచుదాకా వచ్చి ఆగిపోతాయి. ముప్పై ఏళ్ల కిందట పురపాలక సంఘం పొంగు నివారణ శాఖను పెట్టి, హద్దు దాటబోయే ప్రతిదాన్నీ అంచు దగ్గరే నిలపాలని తీర్మానించింది. మొదట పాలు ఆగాయి. తరువాత చెరువు నీళ్లు కట్ట దగ్గర, మురుగు మూత కింద ఆగాయి. చివరకు మనుషుల ఏడుపు కంటిరెప్ప దగ్గర, నవ్వు పళ్ల దగ్గర ఆగడం మొదలైంది. శాఖవారు దీన్ని అదనపు ప్రయోజనంగా నమోదు చేసుకున్నారు.

కొత్తగా కాపురం పెట్టదలచినవాళ్లు ముందుగా ఇంటిల్లిపాదీ వచ్చి మూడు రోజులు ఉండాలి. రెండు రోజులు నగరం చూడాలి. మూడో రోజు, తమకు ఇవ్వబోయే ఫ్లాట్‌లో, శాఖ ఇన్‌స్పెక్టర్ ఎదుట అర లీటరు పాలు కాచాలి. పాలు అంచు దగ్గర ఆగితే ఆ కుటుంబం నగరానికి సరిపోతుందని ధ్రువపత్రం ఇస్తారు. ఆగకపోతే ఏం చేయాలో నిబంధనల్లో లేదు. అవి ఆగకపోవడమన్నది ఎన్నడూ జరగలేదు.

మెట్‌పల్లి నుంచి గంగాధర్ అలాగే వచ్చాడు. అతను బీరువాలకు రంగులు వేస్తాడు. ఊళ్లో కార్ఖానా మూతపడింది, ఈ నగరంలోని కార్ఖానావాళ్లు సోమవారం చేరమన్నారు. ధ్రువపత్రం ఉంటేనే సుమా. వెంట తల్లి లసుమవ్వ, భార్య స్వరూప, ఆరేళ్ల కూతురు సహస్ర ఉన్నారు. లసుమవ్వ సంచిలో ఇత్తడి గిన్నె, పసుపు పొట్లం, ఓ పెంకు ముక్క ఉన్నాయి. కొత్త ఇంట్లో పాలు తూర్పుకే పొంగాలి గనుక, వాళ్లింట్లో పొయ్యికి పడమటి పక్కన పెంకు పెట్టి గిన్నెను కాస్త తూర్పుకు వంచుతారు. శకునాన్ని నమ్ముతారు గానీ అంతా దాని మీదే వదిలెయ్యరు.

మొదటి రోజు గంగాధర్‌కు నగరం తెగ నచ్చింది. బస్సులు ఫుట్‌బోర్డు దాకా నిండి ఆగుతున్నాయి, ఎవరూ వేలాడటం లేదు. కూరగాయల బజారులో బేరాలు గొంతులోనే ముగుస్తున్నాయి.

"చూసిండ్రా, ఎంత పద్ధతున్నదో!" అన్నాడు.

"పద్ధతి సరే కొడుకా, ఇంతమందిల ఒక్కలన్న గట్టిగ మాట్లాడుతలేరేంది?" అంది లసుమవ్వ.

రెండో రోజు పార్కులో సహస్ర జారుడుబల్ల మీంచి పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం వచ్చింది. పిల్ల నోరు తెరిచింది. కళ్లలో నీళ్లు రెప్పల దాకా నిండాయి. అక్కడే నిలిచిపోయాయి. పిల్ల కాసేపు అలాగే చూసి, తల్లి కొంగు పట్టుకుంది.

"అమ్మా, ఏడుపు బయటికి వస్తలేదే."

స్వరూప దెబ్బకు కాదు, ఆ నిండిన కళ్లకు భయపడింది. పార్కు కాపలాదారు నింపాదిగా వచ్చి ధైర్యం చెప్పాడు. "కొత్తలో అంతేనమ్మా. వారం పోతే ఏడవాలనే అనిపించదు." అతను నిజంగానే మంచి మనసుతో చెప్పాడు. ఆ రోజంతా సహస్ర తల ఎత్తి, తొణకకుండా నడిచింది.

మూడో రోజు పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ పరంజ్యోతి ఫైలుతో వచ్చి ఫ్లాట్‌ వంటింట్లో కుర్చీ వేసుకున్నాడు. లసుమవ్వ గిన్నెకు పసుపు రాసి, పెంకు సర్దింది. పెంకు గురించి ఫారంలో గడి లేదు గనుక ఆయన పట్టించుకోలేదు. స్వరూప స్టవ్ వెలిగించింది. పాలు మీగడ కట్టి, పైకి లేచి, అంచును తాకి, ఆగాయి.

"సరిపోయిందమ్మా. ఇక ఆపెయ్యండి," అన్నాడు పరంజ్యోతి.

"ఇంక పొంగలె సారూ," అంది స్వరూప.

"పొంగవమ్మా. అందుకే ఆపమంటున్నాను."

"పొంగేదాంక పాల కింద మంట ఆపుడు మా ఇంట్ల లేదు."

గంగాధర్ కంగారుగా నాబ్ మీద చెయ్యి వేయబోయాడు. స్వరూప ఆ చెయ్యి పట్టుకుంది. "నీ నౌకరి నాకు ఎరుకే. నిన్న బిడ్డ కండ్లు చూసినవా? ఆ కండ్లతోని ఇది ఈడ పెరుగుతదా? చెయ్యి తియ్యి." గంగాధర్ సహస్ర వైపు చూశాడు. చెయ్యి తీసేశాడు.

పరంజ్యోతి నిబంధనల పుస్తకం తిరగేశాడు. పాలు అంచుకు రాగానే స్టవ్ ఆపడం నగరవాసులందరికీ అలవాటు. ముప్పై ఏళ్లలో ఆపకుండా ఎవరూ చూడలేదు. చూస్తే ఎంతసేపు పడుతుందో శాఖ దగ్గర లెక్క లేదు. అందరూ నిలబడ్డారు. పాలు అంచు మీద వణుకుతూ ఉన్నాయి. పదకొండో నిమిషాన, తూర్పు పక్కన, ఒక్క చుక్క జారింది. దాని వెంట గిన్నెడు నురగ బుసబుసమని స్టవ్ మీదికి, గట్టు మీదికి, పరంజ్యోతి బూట్ల కిందికి వచ్చింది.

సహస్ర అప్పుడు ఏడ్చింది. నిన్నటి మోకాలికి ఇవాళ, భవనం అంతా వినబడేలా ఏడ్చింది. లసుమవ్వ కూడా అందుకుంది. స్వరూప పిల్లను ఎత్తుకుని ఒక్కసారి కూడా ఊరుకోమనలేదు.

పరంజ్యోతి ఒక కాలు ఎత్తి తుడుచుకుని, ఫారం నింపాడు. అందులో 'పొంగలేదు' అని ముందే అచ్చయి ఉంది. ఆయన టిక్కు పెట్టి సంతకం చేశాడు. సోమవారం గంగాధర్ పనిలో చేరాడు.

ధ్రువపత్రం వంటింటి గోడకు తగిలించి ఉంది. దాని కిందే ప్రతి శుక్రవారం స్వరూప పాలు పొంగిస్తుంది. మూడో నెలకల్లా పై అంతస్తుల నుంచి కూడా మాడిన పాల వాసన రాసాగింది. వాసన లేదని శాఖ నివేదిక ఇచ్చింది. పరంజ్యోతి శుక్రవారం శుక్రవారం తనిఖీకి వస్తాడు. ఇప్పుడు బూట్లు గడప బయటే విడిచి, గట్టు పక్కన ఉత్త కాళ్లతో నిలబడి, పాలు పాదాల దాకా వచ్చాక 'పొంగలేదు' మీద టిక్కు పెడతాడు.

ఒక శుక్రవారం సహస్ర అడిగింది. "సారూ, మీ ఇంట్ల పొంగుతయా?"

"లేదమ్మా. మా ఇంట్లో అంచు దగ్గరే ఆగిపోతాయి."

"మరి స్టవ్ ఎవలు బంద్ చేస్తరు?"

పరంజ్యోతి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు రెప్పల దాకా వచ్చి నిలిచాయి.

"నేనే," అన్నాడు.