పెట్టెలో పడుకున్న మామగారు

ఆ సోమవారం పొద్దున అనుకున్న పని చాలా చిన్నది. మామగారు శవపేటికలో పడుకుంటారు, అల్లుడు ఆయన్ని శవాన్ని ముస్తాబు చేసినట్టు సర్దుతాడు. అంత్యక్రియల ఏర్పాట్లు చూసే తన ఆఫీసులో పని నేర్చుకునేవాళ్ళకి మామగారు పెట్టే ఆఖరి పరీక్ష అదే. అల్లుడు అప్పటికే మూడు ఉద్యోగాలకి నీళ్ళొదులుకున్న ఘనుడు. "ఇది కూడా పోగొట్టుకుంటే మా నాన్న ముందు నేనిక తలెత్తుకోలేను," అని భార్య గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పి పంపింది.

"సూత్రాలు రెండే రెండు అల్లుడుగారూ," అన్నారు మామగారు పెట్టెలోకి దిగుతూ. "ఏడ్చేవాళ్ళని మధ్యలో ఆపకూడదు. ఏడ్చేవాళ్ళు అడిగింది కాదనకూడదు. మిగతాదంతా దువ్వెన పని." చేతులు గుండెలమీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ముప్పై ఏళ్ళుగా నూనె రాసి పెంచిన మీసానికి మాత్రం పెట్టెలో కూడా ఠీవి తగ్గలేదు.

అల్లుడు ఆయన కాలరు సరిచేస్తుండగా తలుపు తోసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. పదకొండింటికి రావలసిన మనిషి పదింటికే వచ్చింది. చనిపోయిన ఆవిడ తమ్ముడు ఉన్నది పక్క గదిలో. ఆ మాట చెప్పేలోపే ఆవిడ కుర్చీ లాక్కుని మామగారి తల దగ్గర కూర్చుంది.

"నాకు గుండె జబ్బు బాబూ. ఉలిక్కిపడ్డానంటే నన్ను కూడా నువ్వే సర్దాల్సి వస్తుంది," అంటూ ఏడుపు మొదలుపెట్టింది.

అప్పటికే ఒక కన్ను తెరిచిన మామగారు దాన్ని గబుక్కున మూసేశారు. చెబితే ఆవిడ గుండెకి ప్రమాదం, చెప్పకపోతే మామగారి నడుముకి. పరీక్ష ఇంకా జరుగుతోందో, అయిపోయిందో కూడా అల్లుడికి తెలియలేదు. మొదటి సూత్రం గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

"నాన్న కుర్చీ ఎవరింట్లో ఉండాలన్న దానికి ఇరవై ఏళ్ళు మాట్లాడుకోలేదు కదరా మనం! తప్పు నాదేరా. ఎన్ని ఉత్తరాలు రాసి చించేశానో!" ఆవిడ మామగారి చెయ్యి పట్టుకుని ఆగింది. "చెయ్యి ఇంకా వెచ్చగా ఉందేమిటి?"

"గది... గది వెచ్చనండీ," అన్నాడు అల్లుడు. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

ఆవిడ మామగారి మొహంలోకి తేరిపార చూసింది. "ఈ మీసం ఏమిటి? బాగాలేదు. తీసెయ్ బాబూ."

"అమ్మా, అది..."

"ఏం, కుదరదా?" ఆవిడ గొంతు మళ్ళీ వణికింది.

రెండో సూత్రం వచ్చి మెడ పట్టుకుంది. సలహా దొరుకుతుందేమోనని అల్లుడు మామగారి వంక చూశాడు. ఇచ్చే స్థితిలో ఆయన లేరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అనుకుంటూ నురగ పూసి, మొనలు మాత్రం కత్తిరించి చూపించాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. సగం తీశాడు. మళ్ళీ ఊపింది. మొత్తం పోయేసరికి మామగారి కంటి చివర ఒక చుక్క నీరు నిలిచింది.

"ఆ, ఇప్పుడు కాస్త మావాడి పోలిక వచ్చింది," అని ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది. "ఇక పద, వాడి దగ్గరికి తీసుకెళ్ళు."

"ఎవరి దగ్గరికండీ?"

"మా తమ్ముడి దగ్గరికయ్యా. బతికున్న మనిషిని గుర్తుపట్టలేనంత ముసలిదాన్ని కాలేదులే. ఒక్కసారిగా వాడి మొహం చూసే ధైర్యం లేకపోయింది. చెప్పాల్సిందంతా ఇక్కడోసారి చెప్పి చూసుకున్నాను. ఈయన మధ్యలో లేస్తాడేమోనని గుండె జబ్బన్నాను."

మామగారు నురగ మొహంతో లేచి కూర్చుని, అల్లుణ్ణి ఏదో అనబోయారు.

"ఈ అబ్బాయి నన్ను ఒక్కసారి కూడా ఆపలేదు," అంది ఆవిడ, కళ్ళు మళ్ళీ నిండుతుండగా. "నా వంతు వచ్చినప్పుడు కూడా ఇతనే ఉండాలి."

ఏడ్చేవాళ్ళు అడిగింది కాదనకూడదు. మామగారు జేబులోంచి ఆఫీసు తాళాలు తీసి అల్లుడి చేతిలో పెట్టారు.

పక్క గదిలో ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుని, అనుకున్నవన్నీ తడబడకుండా చెప్పింది. తలుపు దగ్గర నిలబడ్డ అల్లుడికి, ఎందుకో తెలియదు, ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళిన మామగారిని అత్తగారు గుమ్మంలోనే ఆపి, ఎవరు కావాలండీ అని అడిగింది.