ఓక్ గింజల నీళ్లు, ముప్ఫై తెల్లకోట్లు

ఆ ఉదయం ఇన్‌స్పెక్టరుగారి పథకం చాలా చిన్నది. రెండు కిలోల ఓక్ గింజల చేదు వదలగొట్టి, పిండి పట్టించి, రొట్టె కాల్చుకు తినాలి. ఆ గింజల్లో గుండెకు మేలుచేసే పదార్థాలు బోలెడున్నాయని, కాకపోతే టానిన్ అనే చేదు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి నానబెట్టాలని ఆయన పత్రికలో చదివారు. చదివిన మర్నాడే పార్కులో ఓక్ చెట్ల కింద నడుం పడిపోయేలా వంగి, సంచీ నింపుకొచ్చారు.

నీళ్లు మార్చడం తేలికే, పారబోయడమే ఆయనవల్ల కాదు. నీటి సరఫరా శాఖలో ముప్ఫై రెండేళ్లు కారే కొళాయిల వెంటపడి రిటైరైన మనిషి! చెంబుడు నీళ్లు కాలవపాలైతే ఆయనకు ముద్ద దిగదు. అందుకని మూడు రోజులుగా ఆ నీళ్లన్నీ పెరట్లోని పాత ఇనప డ్రమ్ములో పోసి దాస్తున్నారు.

లోపల ఆయన భార్య కుట్టుమిషను మీద నుంచి తలెత్తడం లేదు. ఇరవయ్యేళ్లుగా జిప్పులు మారుస్తూ నెట్టుకొచ్చిన ఆవిడకు తొలిసారి పెద్ద ఆర్డరొచ్చింది. హోటలు వంటవాళ్లకు ముప్ఫై తెల్లకోట్లు, సాయంత్రం నాలుగింటికి ఇవ్వాలి. నచ్చితే ఇకమీద ఆ హోటలు బట్టలన్నీ ఆవిడవే, లేకపోతే మళ్లీ జిప్పులే.

ఆఖరి గుండీ కుట్టి, "ఒక్కసారి జాడించి ఆరెయ్యవే" అని చెల్లెలికి అప్పగించింది. సరిగ్గా అప్పుడే కొళాయి ఆగిపోయింది. చెల్లెలు నేరుగా డ్రమ్ము దగ్గరకు నడిచింది. డ్రమ్ము నలుపులో నీళ్ల రంగు ఎవరికి తెలుస్తుంది?

పావుగంటలో పెరట్లోంచి కేక. "అక్కా! కోట్లు మబ్బుపట్టాయే!"

తీగమీద పదిహేను కోట్లు బూడిదరంగులో వేలాడుతున్నాయి. ఇన్‌స్పెక్టరుగారు పరుగున వచ్చి, "టానిన్‌కి ఇనుము తగిలితే అంతే మరి" అన్నారు.

"ఈ ముక్క డ్రమ్ము మీద రాసి పెట్టాల్సింది బావగారూ!"

"కంగారుపడకండి. చాకలిసోడాకి లొంగని మరకుందా?" అంటూ ఆయన ఒకటి ముంచారు. అది ఇంకా నల్లబడింది. మరదలు ఇంకో కోటు మీద నిమ్మకాయ పిండింది. అది చుక్కలు చుక్కలుగా తెల్లబడి చిరుతపులి అయింది.

భార్య అరుగుమీద కూలబడి కళ్లొత్తుకుంది. ఆయన గుండె చివుక్కుమంది. తన గుండె బాగుకోసం ఆవిడ నోటిదగ్గర కూడు తీసేశానే అని కుమిలిపోయారు. ఇంతలో ఆవిడ చటుక్కున లేచింది.

"ఏవండీ, డ్రమ్ములో ఇంకా నీళ్లున్నాయా?"

"నిండా ఉన్నాయి. ఒక్క చుక్క పారబోస్తే ఒట్టు."

"అయితే అన్నీ ముంచెయ్యండి. చిరుతపులితో సహా!"

ముగ్గురూ కొంగులూ లుంగీలూ బిగించారు. నాలుగయ్యేసరికి ముప్ఫై కోట్లూ ఒకే బూడిదరంగులో, ఇస్త్రీ మడతల్లో నిలిచాయి. హోటలు పెద్ద వంటవాడు రానే వచ్చాడు.

"నేను తెలుపు కదమ్మా చెప్పాను?" అన్నాడు ముఖం మాడ్చుకుని.

"చెప్పారు. ఒంటిమీద వేసుకొచ్చారు కదా, ఆ తెలుపు ఒకసారి చూసుకోండి."

చూసుకున్నాడు. నూనె, మసి, కాఫీ, ఇంకా ఏవేవో. ఆవిడ తన గ్లాసులోని టీ కొత్తకోటు మీద ఒంపి, గుడ్డతో అద్దింది. మరక ఎక్కడుందో వంటవాడికి కళ్లద్దాలు పెట్టుకున్నా కనబడలేదు.

"బాగుందమ్మా! మరి ఉతికితే రంగు పోదుగా?"

"సోడాకే లొంగలేదండీ!" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు, ఛాతీ విరుచుకుని.

"అయితే మా మూడు హోటళ్లకీ రెండొందలు కుట్టండి. అచ్చం ఇదే రంగు!"

అతను గేటు దాటగానే అక్కాచెల్లెళ్లు చేతులు పట్టుకుని గిరగిరా తిరిగారు. మర్నాటినుంచి పార్కులో రాలిన గింజ రాలినట్టే రంగుకోసం ఆ ఇంటి డ్రమ్ములోకి చేరుతోంది. ఇన్‌స్పెక్టరుగారు మూటలు మోసి మోసి నాలుగు కిలోలు తగ్గారు, మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నారు. ఓక్ గింజలు ఇంత మేలు చేస్తాయని ఊరంతా చెబుతున్న ఆయన నోట్లో ఇంతవరకూ ఒక్క గింజ పడలేదు.