పది వేళ్ళ సర్టిఫికెట్టు

ప్రమాదాలు ఫ్యాక్టరీలో జరగడం క్రమశిక్షణారాహిత్యమనీ, ఇకపై అవి వీఆర్ కళ్ళజోడులో మాత్రమే జరగవలెననీ యాజమాన్యం తీర్మానించింది. ఈ భద్రతా శిక్షణలో మూడుసార్లు తప్పినవాళ్ళు మర్నాడు గేటు దాకా వచ్చే శ్రమ తీసుకోనక్కర్లేదు.

పెద్ద ప్రెస్సు ఆపరేటరు ఇరవై రెండేళ్ళుగా రేకులు వంచుతున్నాడు. కళ్ళజోడు పెట్టుకోగానే ఆయన నోరు వెళ్ళబెట్టాడు. అచ్చం తన ప్రెస్సే! పైగా ముందు పసుపుపచ్చ ఇనపజాలీ గార్డు. చెయ్యి లోపల పెడదామన్నా పెట్టనివ్వదు. పదకొండేళ్ళుగా అర్జీ మీద అర్జీ పెట్టి ఆయన అడుగుతున్న గార్డు!

"అబ్బ, ఎంత ముద్దొస్తోందో!" అంటూ ప్రేమగా నిమిరాడు. (నిమిరింది, ఎదురుగా నిలబడి శిక్షణ ఇస్తున్న సేఫ్టీ మేడమ్ గారి ఫైలును.)

"దయచేసి పది వేళ్ళూ చూపండి," అంది లోపలినుంచి ఒక తియ్యటి గొంతు.

ఆయన ఎనిమిది చూపాడు. కుడిచేతి చివరి రెండింటినీ అసలు ప్రెస్సు ఏనాడో పుచ్చుకుంది.

"వేళ్ళు దాచరాదు," అని గొంతు ఆయన్ని ఫెయిల్ చేసింది. రెండోసారీ అంతే.

"ఉంటే చూపించనా మేడమ్?"

"అలా అంటే ఎలాగండీ? ఎనిమిదికి సాఫ్ట్‌వేర్‌లో గడి లేదు. మీకింక ఒక్క ఛాన్సే ఉంది."

ఈ వయసులో ఇంకెవరిస్తారు పని? అప్పుడు పక్క మెషీను మీద పనిచేసే బావమరిది వచ్చి ఆయన వీపు వెనక నక్కి, తన రెండు వేళ్ళు ముందుకు చాపాడు.

"కదలకు బావా. ఈ రెండూ నీవే అనుకో."

"చక్కిలిగిలి పెట్టకురా, చస్తాను!"

"నవ్వావో, ఉద్యోగం ఊడుతుంది!"

ఇద్దరూ కిసుక్కుమంటూ ఊగిపోతుంటే కళ్ళజోడు లెక్కపెట్టి పది అంది. చప్పట్లు కూడా కొట్టింది. (మేడమ్ నిబంధనల ప్రకారం ఆ సమయంలో కిటికీలోంచి బయటకు చూస్తున్నారు.) "పది వేళ్ళూ క్షేమం" అని సర్టిఫికెట్టు అక్కడికక్కడే అచ్చయింది. ఆ హుషారులోనే ఆయన, లోపలి గార్డును బయటి ప్రెస్సుకు కూడా బిగించమని మరో అర్జీ రాసిచ్చాడు.

మేడమ్ కంప్యూటరులోకి చూశారు.

"ఈ ప్రెస్సు మీద ఎవరి వేళ్ళూ పోలేదండీ. నిన్నటిదాకా రెండు పోయినట్టుండేది. ఇవాళ మీ సర్టిఫికెట్టుతో అవి తిరిగొచ్చేశాయి. ఎవర్నీ ఏమీ చెయ్యని మెషీనుకు గార్డెందుకు చెప్పండి? ప్రమాదం జరగలేదని ఇక్కడో సంతకం పెట్టండి."

కలం పట్టుకోవడానికి మూడు వేళ్ళు చాలు గనక, ఆయన ఏ ఇబ్బందీ లేకుండా పెట్టాడు.