నలభై మీటల్లో లేని మాట

మాట రానివాళ్లకు మాటిచ్చే యంత్రాన్ని రూపొందించడానికి ఒక ఉన్నత సంఘం ఏర్పడింది. సభ్యులంతా గొప్ప వక్తలు. మాట లేకపోతే మనిషికి ఎలా ఉంటుందో నెలల తరబడి ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ చర్చించారు. వినియోగదారుల ప్రతినిధిగా, ప్రెస్సులో బైండింగు పని చేసే ఒకమ్మాయిని పిలిచి, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చారు. ఆమెకు పుట్టినప్పటినుంచీ మాట లేదు. పెద్ద చప్పుళ్లు పడవు. ఎలాగూ చెప్పలేని మనిషి కదా అని ఆమెను ఏమీ అడగలేదు.

యంత్రం తయారైంది. చేతిలో పట్టే పలక మీద నలభై మీటలు. ఏది నొక్కితే ఆ మాట తియ్యటి గొంతుతో పలుకుతుంది. 'ధన్యవాదాలు' ఒక్కటే తొమ్మిది రకాలు. అమ్మాయి మీటలన్నీ ఒకటికి రెండుసార్లు వెతికి, పలకను తోడొచ్చిన అక్క ఒళ్లో పెట్టేసింది.

"దీన్లో 'వద్దు' లేదండీ," అంది అక్క.

అధ్యక్షులవారు నొచ్చుకోలేదు. "చూడమ్మా, అది ప్రతికూల పదం. అయినా మేం అన్నీ మంచివే ఇస్తుంటే, మీ చెల్లెలికి వద్దనాల్సిన అవసరం ఏమొస్తుంది?"

ఆ అవసరం ఆవిష్కరణ సభలోనే వచ్చింది. వేదికకు అటూ ఇటూ మనిషెత్తు స్పీకర్లు. బ్యాండు మొదలవగానే అమ్మాయి చెవులు మూసుకుని తల అడ్డంగా ఊపింది. బిడియం కాబోలనుకుని అధ్యక్షులవారు ఆ చేతులను ఆప్యాయంగా కిందికి దించి, మైకు ముందు పలక పెట్టి, మనసులో మాట చెప్పమన్నారు. ఆమె చేతికందిన మీటనల్లా నొక్కింది. "ధన్యవాదాలు," అంది యంత్రం. "మీ దయ. చాలా బాగుంది. ఇంకా కావాలి." హాలు చప్పట్లతో మారుమోగింది. అడిగింది కదా అని బ్యాండువాళ్లు ఇంకాస్త గట్టిగా అందుకున్నారు.

అమ్మాయి పలకను బోర్లించి, మెట్లు దిగి, వరసల మధ్యనుంచి బయటికి నడిచింది. వరండా గోడకు ఆనుకోగానే అక్క వచ్చి పక్కన నిలబడింది.

"ఇంక వీళ్లు పిలిస్తే రావద్దులే," అంది మెల్లగా.

లోపల అధ్యక్షులవారు, కృతజ్ఞత పట్టలేకే ఆ అమ్మాయి వెళ్లిపోయిందని సభకు వివరించారు. యంత్రంలోగానీ, ఏర్పాట్లలోగానీ లోపముంటే నిర్మొహమాటంగా చెప్పమన్నారు. హాలు నిండా మాటొచ్చినవాళ్లే. సగంమంది చెవుల్లో వేళ్లున్నాయి. ఒక్కరూ నోరు మెదపలేదు.