మూడు సీసాల గోంగూర

ఆ గురువారం మాణిక్యాంబ పొద్దుటి పథకం చిన్నదే. బాల్కనీలోకి ఎండ రాగానే మిరపకాయలు ఆరబోయాలి, కొడుకూ కోడలూ వెళ్ళాక రెండోసారి కాఫీ కలుపుకోవాలి. కానీ మిరపకాయల చేట పట్టుకుని వంటగది దాటుతుండగా ఫ్రిజ్ పక్కన మూడు గాజు సీసాలు కనిపించాయి. మూడింటి మీదా ఒకటే చీటీ: 'గోంగూర, అన్నపూర్ణేశ్వరి.' చేట అక్కడే ఆగిపోయింది.

అన్నపూర్ణేశ్వరి కింది ఫ్లాట్‌లో ఉంటుంది. రాజమండ్రి మనిషి. ఘాజియాబాద్‌లోని ఆ అపార్ట్‌మెంట్లో గోంగూర అంటే మాణిక్యాంబ, మాణిక్యాంబ అంటే గోంగూర అని పన్నెండేళ్ళుగా అందరికీ తెలుసు. కోడలికి తప్ప అందరికీ తెలుసన్నమాట.

కోడలు ప్రణతి నోయిడాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. తిండిని ఒక చదువుగా పెట్టించాలని రెండేళ్ళుగా తిరుగుతోంది. తిండి మా ల్యాబ్‌ది అంటారు కెమిస్ట్రీ వాళ్ళు. కాదు, మా పాత కాగితాలది అంటారు చరిత్ర వాళ్ళు. మా సర్వేలది అంటారు సమాజశాస్త్రం వాళ్ళు. క్యాంటీన్లో అందరూ ఒకే బల్ల దగ్గర తింటారు గానీ, ఆ తిన్నదాని గురించి మాత్రం ఎవరి గదిలో వాళ్ళే చదువుతారు. అందుకే ఒకే పచ్చడిని మూడు శాఖలకూ ఇచ్చి, ఆ మధ్యాహ్నం కమిటీ ముందు అందరి చేతా కలిపి మాట్లాడించాలని ప్రణతి ఏర్పాటు. కమిటీ ఒప్పుకుంటే కొత్త శాఖ వస్తుంది, ఈ పచ్చడి పనంతా పుస్తకంగా అచ్చవుతుంది. లేకపోతే రెండేళ్ళ తిరుగుడూ వృథా.

"ఇంట్లో నేనుండగా కిందకి దిగి తెచ్చుకున్నావా?" అంది మాణిక్యాంబ.

"మన ఇంటివాళ్ళ వంట తీసుకుంటే పక్షపాతం అంటారు అత్తయ్యా. రీసెర్చ్‌లో అదో రూల్."

"మరి ఆవిడ పేరు పుస్తకంలో ఎక్కుతుందా?"

"ముందు కమిటీ దగ్గర గట్టెక్కనివ్వండి," అంటూ ప్రణతి స్నానానికి వెళ్ళింది.

మాణిక్యాంబ ఒక సీసా మూత తీసి వాసన చూసింది. వెనిగర్. కాస్త నాలుక మీద వేసుకుంది. ముఖం మొత్తం ముడుచుకుంది. ఇది పట్టుకెళ్తే కోడలి పరువు పోతుంది, పిల్ల కోసమే చేస్తున్నాను అని మనసుకు చెప్పుకుంది. మనసు నమ్మినట్టు నటించింది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగేలోగా మూడు సీసాలూ ఖాళీ అయ్యాయి, కడిగించుకున్నాయి, తుడిపించుకున్నాయి, జాడీలోని మాణిక్యాంబ గోంగూరతో నిండాయి.

మిగిలింది అన్నపూర్ణేశ్వరి పచ్చడి. పారేయడానికి చేతులు రాలేదు, తినడానికి నోరు రాలేదు. పోయిన వారం బొబ్బట్లతో కిందినుంచి వచ్చిన స్టీలు డబ్బా ఒకటి గట్టు మీద ఉంది. పక్కింటి డబ్బాను ఖాళీగా తిప్పి పంపడం మాణిక్యాంబ వంశంలో లేదు. ఆ పచ్చడి అందులోకి ఎత్తి, ప్రణతి వెళ్ళగానే కిందికి దిగి, "వదినగారూ, మీ డబ్బా," అని ఇచ్చి వచ్చేసింది. ఆవిడ సొమ్ము ఆవిడకి చేరింది, ఇక పాపం లేదనుకుంది.

పన్నెండున్నరకి ప్రణతి ఫోను.

"అత్తయ్యా! అన్నపూర్ణ ఆంటీ గోంగూర అదిరిపోయింది! కెమిస్ట్రీ ఇషిత అయితే సీసా వదలట్లేదు. వెనిగర్ చుక్క లేదట, అయినా పాడవలేదట. పైగా మైక్రోస్కోప్‌లో రాతిపొడి కనిపించింది. అంటే రోట్లో నూరిందే కదా!"

మాణిక్యాంబకు అప్పుడు గుర్తొచ్చింది చీటీ. సీసాలో సరుకు మార్చింది గానీ, సీసా మీద పేరు మార్చలేదు.

"ఆవిడ పచ్చడి కాదే అది..." అని మొదలెట్టింది.

"ఆంటీ ఫోనెత్తడం లేదు. మూడింటికి కమిటీ మొత్తం రోలు చూడ్డానికి వస్తోందని మీరే చెప్పండి, ప్లీజ్!" ఫోను పెట్టేసింది ప్రణతి.

అన్నపూర్ణేశ్వరి ఇంట్లో రోలు చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడకున్నది మిక్సీ. తెనాలి నుంచి రైల్లో సీటు కింద పెట్టుకుని రోలు తెచ్చుకున్నది మాణిక్యాంబ. ఇప్పుడు ఆ రోటి పేరు కూడా కిందికి దిగిపోతుందా అనుకుంటుండగానే తలుపు చప్పుడైంది.

గుమ్మంలో అన్నపూర్ణేశ్వరి, చేతిలో అదే డబ్బా, కళ్ళల్లో నీళ్ళు.

"ఇంత నాజూగ్గా కొట్టాలాండీ వదినగారూ? మొహం మీదే అనెయ్యకపోయారా?"

"ఏమిటండీ అనేది?"

"ఎందుకండీ తెలీనట్టు? ఆ పచ్చడి కరోల్ బాగ్ షాపులో కొన్నానని మీకు తెలిసిపోయింది. అందుకేగా అదే పచ్చడి కొని, నా డబ్బాలోనే పెట్టిచ్చారు! నాకు బొబ్బట్లే వచ్చండీ, గోంగూర రాదు. మీ కోడలు అడిగితే రాదనడానికి సిగ్గేసింది. ఈ అపార్ట్‌మెంట్లో ఎప్పుడూ మీ పేరేనాండీ?"

మాణిక్యాంబ డబ్బా అందుకుంది. గొంతులో రెండు మాటలు పోట్లాడుకున్నాయి. ఒకటి: 'బాగా అయింది.' రెండోది: నిజం బయటపడితే ముందు మునిగేది ప్రణతి. శాంపిలు షాపుది, మార్చింది సొంత అత్తగారు.

"ఏడవకండి. మూడింటికి కమిటీ మీ ఇంట్లో రోలు చూడ్డానికి వస్తోందట. నాది అరువిస్తాను, పట్టండి," అంది పళ్ళు కొరుకుతూ. ఇద్దరూ రోటిని గోనెపట్టా మీదికి దొర్లించి, లిఫ్టులోకి ఈడ్చి, కింద వంటగదిలో కూర్చోబెట్టారు.

మూడింటికి కమిటీ దిగింది. పెద్దాయన భరద్వాజ్ చరిత్ర ప్రొఫెసర్. రోటి ముందు గొంతుక్కూర్చుని, "వాహ్! ఆంటీజీ, ఎంతసేపు నూరతారు?" అని హిందీలో అడిగాడు.

"రెండు నిమిషాలు," అంది అన్నపూర్ణేశ్వరి, మిక్సీ అలవాటు కొద్దీ.

"వెల్లుల్లి ముందా, తర్వాతా?" అంది ఇషిత.

"అన్నీ ఒకేసారి వేసి మూత పెట్టేస్తా."

"రోటికి మూతా?" భరద్వాజ్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

అంతవరకూ గోడవారన నిలబడిన మాణిక్యాంబ ఇక ఆగలేకపోయింది. కోడలు గుర్తులేదు, కమిటీ గుర్తులేదు. "మూతేంటి భయ్యా! ముందు మెంతులు, మిరపకాయలు! తర్వాత ఉప్పు, చింతపండు! ఆకు ఆఖర్న! ఆ పచ్చడి నాది, రోలు నాది, సీసాలో వేసిన చెయ్యి నాది!" అని సగం హిందీలో, సగం తెనాలిలో మొత్తం చెప్పేసింది. షాపు సంగతి అన్నపూర్ణేశ్వరి తనే ఒప్పేసుకుంది. ప్రణతి అక్కడున్న స్టూలు మీద కూలబడిపోయింది.

భరద్వాజ్ రోటి దగ్గర్నుంచి లేచాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "సీసాలో ఏముందో కెమిస్ట్రీ చెప్పింది. ఎన్ని వందల ఏళ్ళదో నేను చెప్పాను. ఎవరి చెయ్యో, ఎందుకు మార్చిందో మా మూడు శాఖల్లో ఒక్కరం కూడా కనుక్కోలేకపోయాం. ప్రణతీ, ఈ శాఖ కావలసిందే."

నాలుగు నెలలకు పుస్తకం అచ్చయి వచ్చింది. మాణిక్యాంబ మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి వెతికింది. తన పేరు లేదు.

"పేర్లు వెయ్యకూడదు అత్తయ్యా, అదీ రూలే. ఇదిగో, పచ్చడి కొన్నావిడ 'సమాచారదాత ఒకటి', చేసినావిడ 'సమాచారదాత రెండు'."

"కొన్నావిడ ఒకటీ, చేసిన నేను రెండూనా?"

"ఒప్పుకోలు కాగితం మీద ఆంటీ ముందు సంతకం పెట్టారు అత్తయ్యా. ఆ వరసే."

మాగాయ మీద పని వచ్చే నెల మొదలవుతుంది. సంతకానికి ఆలస్యం కాకూడదని మాణిక్యాంబ ఇప్పటినుంచే కళ్ళద్దాలు మెడలో వేసుకుని తిరుగుతోంది.