చదవని పుస్తకాలే పంపవలెను

కళ్యాణదుర్గం ప్రాంతంలో విజ్ఞానం ప్రజల అవసరానికి మించి పోగుపడిందనీ, మిగులును విదేశాలకు ఎగుమతి చేయడం తక్షణ కర్తవ్యమనీ 2003 వానాకాలంలో ఏకగ్రీవంగా తీర్మానం జరిగింది. వానాకాలం అన్నది క్యాలెండరు ప్రకారం. అంతకు ముందు ఏడు వేరుశనగ చేతికి రాలేదు, ఆ ఏడు వచ్చే సూచనలు లేవు. ఎగుమతికి మా దగ్గర వేరే సరుకు లేదన్న సంగతి తీర్మానంలో రాయలేదు గానీ, చెయ్యెత్తిన వాళ్లందరికీ తెలుసు.

తీర్మానం చేసినది విశ్వ విజ్ఞాన వితరణ సంఘం. అధ్యక్షులు నూనె మిల్లు బయ్యన్నగారు. సంఘం పుట్టడం, తీర్మానం చేయడం ఒకే పూట జరిగిపోయాయి, మధ్యలో టీ తాగారు. కార్యవర్గంలో బయ్యన్నగారి బావమరిది, వియ్యంకుడు, మిల్లు గుమాస్తా ఉన్నారు. అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం దక్కిందని పత్రికలో వచ్చింది.

బయ్యన్నగారికి ఈ దయ ఎలా కలిగిందో చెప్పాలి. హైదరాబాదులో ఒక పెళ్లిలో భోజనాల పంక్తిలో ఆయన పక్కన మారిషస్ తెలుగు పెద్దమనిషి ఒకాయన కూర్చున్నాడు. ఆయన అక్కడి ఒక బడికి ప్రధానోపాధ్యాయుడు. ముత్తాతల కాలంలో చెరకు తోటల్లో కూలికి పోయిన తెలుగువాళ్ల పిల్లలు తమ బడిలో తెలుగు నేర్చుకుంటున్నారనీ, చదవడానికి కథల పుస్తకాలే లేవనీ చెప్పి బాధపడ్డాడు. బయ్యన్నగారి చెయ్యి పాయసం మీదే ఆగిపోయింది. పుస్తకాలు అందజేసేందుకు ప్రతినిధి వర్గం స్వయంగా రావచ్చునా అని అడిగారు. రావచ్చునన్నాడు. అప్పుడు పాయసం తాగారు.

మా ఊరి ఉన్నత పాఠశాల బయ్యన్నగారి మిల్లు గోడను ఆనుకునే ఉంది. అక్కడి పిల్లల చేతుల్లోనూ కథల పుస్తకాలు లేవు. కానీ అంత దగ్గరి దాన్ని చూడాలంటే మెడ తిప్పాలి. మారిషస్ అయితే తలెత్తి ముందుకు చూస్తే చాలు.

పుస్తకాలు కొనాలా అన్న ప్రశ్న వచ్చింది. ఉన్నది ఇస్తేనే దానమనీ, కొని ఇస్తే వ్యాపారమవుతుందనీ బయ్యన్నగారు ధర్మసూక్ష్మం చెప్పారు. ఉన్నవి ఎక్కడున్నాయని వెతికితే, గోడవతల బడిలో అద్దాల బీరువా నిండా ఉన్నాయని తేలింది.

ఆ బీరువా గురించి రెండు మాటలు. ఎప్పుడో ఏదో ప్రభుత్వ పథకం కింద వచ్చిన బొమ్మల కథల పుస్తకాలవి. హెడ్మాస్టరు రామదాసుగారు వచ్చిన రోజే తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. ఒక్క పుస్తకం పోయినా రిటైరయ్యేటప్పుడు ఆ ఖరీదు తన డబ్బుల్లో కోస్తారని ఆయన భయం. ఆ భయంలోనే ఆయన జుట్టు నెరిసింది. పాపం, మనిషి చెడ్డవాడు కాదు. గ్రంథాలయాన్ని కాపాడమన్నారు, కాపాడారు. ఎవరి నుంచి అని పైవాళ్లూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

అలాగని పిల్లలకు పుస్తకాలు పూర్తిగా అందలేదనడం అన్యాయం. దసరాకు బీరువాకు పసుపు కుంకుమలు పెట్టి, అగరుబత్తీలు వెలిగించి, పిల్లల చేత దండం పెట్టించేవారు. మిగతా రోజుల్లో అద్దంలోంచి అట్టల మీది పేర్లు చదువుకోవడానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు. అద్దం కింది భాగంలో ముక్కులు ఆనించిన మరకలుండేవి. వాటిలో ఎక్కువ భాగం ఆరో తరగతి సువార్తవి. వాళ్లమ్మ తిమ్మక్క బయ్యన్నగారి మిల్లులోనే శనక్కాయలు ఒలుస్తుంది. సువార్తకు అట్టల మీది పేర్లన్నీ కంఠతా వచ్చు. లోపల ఏముందన్నదే తెలియదు.

సంఘం కబురు వినగానే రామదాసుగారు కళ్లు తుడుచుకున్నారు.

"పట్టకపోండన్నా, నా ప్రాణం సల్లబడతాది. ఒక్క పుటకు మడత ల్యాకుండా పెట్టినా. ఒక్కరు సదివిన పాపాన పోల్యా," అన్నారు.

"అదే కావాల్సింది అయ్యవారూ!" అన్నారు బయ్యన్నగారు. "ఇంకొకరు సదివింది పంపితే మన దేశం పరువేం గావాల? ఎంగిలి దానం జేసినట్టు గాదా?"

ఆ విధంగా, చదవని పుస్తకాలే పంపవలెనన్న నిబంధన ఏర్పడింది.

దుమ్ము దులిపే పని ఆరో తరగతికి పడింది. మధ్యాహ్నం పూట పుస్తకాలు బయటికి తీసి, తుడిచి, ఒక్కొక్కదాన్నీ రంగు కాగితంలో చుట్టి అట్టపెట్టెల్లో పెట్టాలి. తుడవాలి గానీ తెరవకూడదని రామదాసుగారి ఆజ్ఞ. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాసేవారు. కాపలా కాసేటప్పుడు కళ్లు మూసుకోవడం వారి పద్ధతి.

మొదటి రోజు సువార్త ఒక పుస్తకం తెరిచింది. అందులో ఒక ఏనుగు పిల్ల ఎండిపోయిన బావిలో పడుతుంది. ఏనుగును మా పిల్లలెవరూ చూడలేదు గానీ, ఎండిన బావి అనగానే అందరికీ విషయం బాగా అర్థమైంది. చుట్టూ చేరారు. ఊరి జనం తాళ్లు వేశారు, తెగిపోయాయి. నిచ్చెన దించారు, విరిగిపోయింది. ఏనుగు పిల్ల తల్లి కోసం ఏడుస్తోంది. సరిగ్గా అక్కడ బయ్యన్నగారు తనిఖీకి వచ్చారు.

పుస్తకం లాక్కుని చూస్తే, పుట అంచున పచ్చటి బొటనవేలి మరక! సువార్త పొద్దున పసుపేసిన బొరుగుల ఉగ్గాని తిని వచ్చింది. తిండి చేతికి అంటడం, చెయ్యి పుస్తకానికి అంటడం పేదవాళ్ల ఇళ్లలో తరచూ జరిగే ప్రమాదమే.

"సూడప్పా! దీన్ని ఇమానమెక్కిచ్చేదా?" అని బయ్యన్నగారు పుస్తకాన్ని నేల మీద పడేశారు. "ఇది సదివిన పుస్తకం. పనికి రాదు."

సువార్తకు ఏడుపొచ్చింది, తిట్లకు కాదు. "సార్, పనికి రాకుంటే నేను తీసకపోదునా? ఏనుగు పిల్ల బావిలోనే ఉండాది," అంది.

రామదాసుగారు బయ్యన్నగారి వైపు చూశారు. బయ్యన్నగారు మొహం తిప్పుకున్నారు. "తీసకపో. సదివింది ఎవురికి పనికొస్తాది?" అన్నారు రామదాసుగారు.

ఆ సాయంత్రం ఏనుగు పిల్ల బయటపడింది. ఊరంతా కుండలతో నీళ్లు తెచ్చి బావిలో పోస్తే, అది ఈదుకుంటూ పైకి తేలింది. ఈ ముగింపు విని తిమ్మక్కకు ఒళ్లు మండింది. "ఏనుగు కోసరం అన్ని నీళ్లు పోసినారా? ఆ ఊరోళ్లకు బుద్ధుండాదా లేదా? ఈడ తాగేకి బిందె నీళ్లు దొరకవు!" అని, దీపం దగ్గరికి జరిగి, "యాదీ, ఆ బొమ్మ సూపీ," అంది. చాలాసేపు చూసింది.

మర్నాటికల్లా ఆరో తరగతికి ఒక సత్యం బోధపడింది. చదవనివి సముద్రం దాటి పోతాయి, చదివినవి ఊళ్లోనే ఉండిపోతాయి. పిల్లలు కుట్ర పన్నారనీ, కావాలనే మరకలు చేశారనీ తర్వాత కొందరు ఆరోపించారు. అది అబద్ధం. వాళ్లు చేసిందల్లా చదవడమే. ఉగ్గాని, ఊరగాయ, శనక్కాయ పొట్టు తమంతట తామే వచ్చి చేరాయి. రామదాసుగారు కుర్చీలో కాపలా కాస్తూనే ఉన్నారు. చదివిన ప్రతి పుస్తకాన్నీ పిల్లలు రంగు కాగితంలో చక్కగా చుట్టి, ఆజ్ఞ ప్రకారం పెట్టెలో పెట్టారు.

వీడ్కోలు సభకు షామియానా వేశారు. "ప్రపంచానికి అక్షరభిక్ష పెడుతున్న కరువు సీమ" అని గుడ్డ బ్యానరు కట్టారు. జిల్లా నుంచి ముఖ్య అతిథి వచ్చారు. పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టి పుస్తకాల విలువ గురించి గంటసేపు చెప్పారు. మధ్యలో బిందెలో నీళ్లయిపోయాయి గానీ, ఉపన్యాసం అవలేదు. తర్వాత ఫొటో కోసం బయ్యన్నగారు ఒక పొట్లం విప్పి పుస్తకాన్ని పైకెత్తారు.

అందులోంచి శనక్కాయ పొట్టు ముఖ్య అతిథి ఒళ్లో రాలింది. రెండోది విప్పారు. రాజుగారి బొమ్మకు ఎవరో పెన్సిలుతో కళ్లజోడు పెట్టారు. మూడోది ఊరగాయ వాసన కొట్టింది. పెట్టెలన్నీ తిరగేశారు. చదవని పుస్తకం ఒక్కటీ దొరకలేదు. మా మండల చరిత్రలో ఒక గ్రంథాలయం మొత్తం చదవబడడం అదే మొదటిసారి. సభలో విషాదం అలుముకుంది.

"ఎవురే ఈ పని జేసింది?" అని బయ్యన్నగారు గర్జించారు.

 సభ నింపడానికి తోలుకొచ్చిన మిల్లు కూలీల్లోంచి తిమ్మక్క కూతురికి వద్దని సైగ చేసింది. పిల్ల నోరు తెరిస్తే రేపు మిల్లులో తన పని ఉండదు. సువార్త తల్లి వైపు చూసింది, అయినా లేచి నిలబడింది.

"సదివినాం సార్."

"ఎందుకు సదివినారు?"

"పుస్తకాలు గదా సార్."

ఈ జవాబుకు ఏమనాలో సంఘం నిబంధనల్లో లేదు. ముఖ్య అతిథి ఫక్కున నవ్వారు. ఆయన నవ్వారు కనుక వేదిక మీది వాళ్లంతా నవ్వారు, ఒక క్షణం ఆలస్యంగా బయ్యన్నగారు కూడా నవ్వారు. నవ్విన తర్వాత కూలి మనిషిని తీసేయడం బాగుండదు కనుక తిమ్మక్క పని నిలిచింది.

"పాతపేపర్లు కొనేవానికి ఎయ్యండి ఈట్ని," అన్నారు బయ్యన్నగారు మెల్లగా.

అప్పుడు రామదాసుగారు, ఉద్యోగంలో చేరింది మొదలు ఎప్పుడూ ఎవరికీ అడ్డు చెప్పని మనిషి, లేచారు. "అన్నా, పనికి రావని మీరే అంటిరి. పనికి రానివి పోతే నన్నెవురూ అడగరు. అడగనప్పుడు తాళమెందుకు? ఈడనే పడుండనీ."

 ఆ రోజే వాటిని పనికిరాని సామాను కింద రాసేశారు. శనక్కాయల గోతంలో పోసి వరండాలో పెట్టారు. ఎవరు కావాలంటే వాళ్లు తీసుకుపోతారు, తెస్తారు, కొందరు తేరు. ఒక మధ్యాహ్నం రామదాసుగారు కూడా గోతంలో చెయ్యి పెట్టి ఒకటి తీసి చదివి, ఒంటరిగా నవ్వుకోవడం చూసినవాళ్లున్నారు. రికార్డుల ప్రకారం మాత్రం ఇప్పుడు మా బడిలో గ్రంథాలయం లేదు. ఖాళీ బీరువాకు తాళం అలాగే ఉంది. దసరాకు పూజ కూడా ఆగలేదు.

మరి మారిషస్? టికెట్లు కొనేశాక దయను వాయిదా వేయడం కుదరదు. బయ్యన్నగారు అనంతపురం బజారులో కొత్త పుస్తకాలు కొన్నారు. దానం వ్యాపారమైపోయిందని దారి పొడవునా బాధపడ్డారట. అక్కడ ఘనస్వాగతం దొరికింది. పాయసం పంక్తి పెద్దమనిషి పుస్తకాల్ని కళ్లకద్దుకుని, ఇంత అందమైనవాటిని పిల్లల చేతికిస్తే చిరుగుతాయని, కొత్త అద్దాల బీరువాలో సర్దించి అందరి ముందూ తాళం వేశాడు. ఎక్కడికి పోయినా తెలుగువాడు తెలుగువాడేనని బయ్యన్నగారు అక్కడే ప్రసంగించారు.

ఆ సన్నివేశం ఫొటో కట్టించి మిల్లులో తగిలించారు. ఒకరోజు తిమ్మక్కకు సద్దిమూట తెచ్చిన సువార్త దాని ముందు నిలబడిపోయింది. దండలు, బీరువా, తాళంచెవి పట్టుకున్న పెద్దమనిషి, వీళ్లందరి వెనుక ఓ మూల, అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూస్తున్న ఒక చిన్నపిల్ల.

"సార్," అంది సువార్త, గల్లాపెట్టె దగ్గరున్న బయ్యన్నగారితో. "ఈ పాపకు ఎవురన్నా సెప్పినారా, ఉగ్గాని తిని సెయ్యి కడుక్కోకుండా రమ్మని?"

బయ్యన్నగారికి ఆ మాట అర్థం కాలేదు. మీకు అర్థమైంది, నవ్వుతున్నారు, సంతోషం. మీరు చదువుకున్నవాళ్లు. మీ ఇంటి ముందు గదిలో కూడా అద్దాల బీరువా ఉంటుంది, అందులో పుస్తకాలు ఇన్నేళ్లయినా కొత్తవాటిలాగే ఉన్నాయని వచ్చిన చుట్టాలు మెచ్చుకుంటూ ఉంటారు. మా సంఘం తరఫున అభినందనలు. ఇంతకీ తాళంచెవి ఎక్కడ పెట్టారో గుర్తుందా?